వేడెక్కాక కొలవండి: సైలెన్సర్ మార్చిన కారు, వెనక బంపర్

కొత్త ఎగ్జాస్ట్ వేయించుకున్న కొన్నాళ్లకు వెనక బంపర్ వంకర తిరిగిందనో, పైపు పైన పెయింట్ పొక్కులు లేచిందనో ఎవరైనా అనగానే వినిపించే సలహా ఒకటుంది: "పైపుకి హీట్ వ్రాప్ (వేడిని లోపలే ఆపే గుడ్డ పట్టీ) చుట్టించెయ్, సరిపోతుంది." కాస్త తెలిసినవాళ్లయితే బంపర్ లోపలివైపు బంగారు రంగు టేపు అంటించమంటారు. రెండూ కొనుక్కుని వాడేసే వస్తువులే కాబట్టి ఆ సలహా చెప్పడం తేలిక, పాటించడమూ తేలిక. కానీ వాటితో మొదలుపెడితే అసలు కారణం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

బంపర్ కరగడాన్ని అందరూ వేడి సమస్యగా చూస్తారు. నన్నడిగితే అది చాలావరకు ఫిట్టింగ్ సమస్య. కంపెనీ పైపు ఉన్నప్పుడు కూడా అదే ఇంజన్, అదే పొగ. అప్పుడు ఏళ్ల తరబడి ఏమీ కాని బంపర్, పైపు మారగానే ఎందుకు మెత్తబడింది? కొత్త పైపు ఎక్కడ ఆగింది, వేడెక్కాక ఎటు జరిగింది, దానికీ ప్లాస్టిక్‌కీ మధ్య గాలి ఆడుతోందా అన్నవి ముందు చూడాలి. ఇవి సరిగ్గా ఉన్న కార్లలో టేపుల అవసరం అరుదు. పని పూర్తయిందో లేదో తేల్చాల్సింది చల్లటి కారు మీద కాదు, బాగా తిరిగొచ్చి వేడెక్కిన కారు మీద. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే.

ముందు బంపర్ సంగతి. బంపర్ కవర్‌ని విప్పి లోపలివైపు చూస్తే చిన్న అక్షరాల్లో పీపీ ప్లస్ ఈపీడీఎం అని, దాని పక్కన టీడీ20 లాంటిదేదో అచ్చు వేసి ఉంటుంది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో రబ్బరు, 20 శాతం టాల్క్ పొడి కలిపి చేశారని దాని అర్థం. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. అయితే అంతదాకా పోనక్కర్లేదు. 100 డిగ్రీల చుట్టుపక్కలకే అది మెత్తబడి, క్లిప్పులు లాగిన వైపు, తన బరువు వాలిన వైపు నెమ్మదిగా సాగిపోతుంది. మనం "కరిగింది" అనేది చాలాసార్లు నిజానికి ఇలా సాగడమే. కొన్ని కార్లలో డిఫ్యూజర్ (బంపర్ కింది భాగంలో ఉండే ముక్క), నల్లటి అంచు పట్టీలు ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్‌తో చేస్తారు. అదీ 105 డిగ్రీల దగ్గర బిగువు వదిలేస్తుంది.

కార్బన్ ఫైబర్ డిఫ్యూజర్ వేయించుకున్నవాళ్లు తమకు ఈ బెడద లేదనుకుంటారు. అది పెద్ద పొరపాటు. కార్బన్ దారానికి ఈ వేడి ఒక లెక్క కాదు, నిజమే. కానీ దారాలను పట్టి ఉంచేది రెజిన్ అనే జిగురు. మామూలు గది వేడిలో గట్టిపడనిచ్చి, ఆ తర్వాత ఓవెన్‌లో పెట్టని ఎపాక్సీ రకం రెజిన్ అయితే 60 నుంచి 80 డిగ్రీలకే మెత్తబడటం మొదలవుతుంది. అంటే అందరూ వేడికి భయపడే మామూలు ప్లాస్టిక్ బంపర్ కంటే, ధీమాగా బిగించుకున్న ఆ ముక్కే ముందు పోతుంది.

ఇక పొగ వైపు లెక్క. గట్టిగా తొక్కినప్పుడు పెట్రోల్ ఇంజన్ నుంచి పొగ 700, 800, ఒక్కోసారి 900 డిగ్రీలతో బయటికొస్తుంది. కారు అడుగున పొడవాటి పైపు, మధ్యలో సైలెన్సర్ డబ్బాలు దాటేసరికి అందులో చాలా వేడి దారిలోనే పోతుంది. నెమ్మదిగా నడిపేటప్పుడు చివరి టిప్ వంద డిగ్రీలకు అటూ ఇటూ ఉండొచ్చు. ఫుల్ లోడుతో చాలాసేపు ఎత్తు ఎక్కించాక రెండు వందలు దాటడంలో వింతేమీ లేదు. సైలెన్సర్ డబ్బా ఒకటి తీసేసి నేరుగా పైపు వేస్తే వేడి పోగొట్టుకునే చోటు కూడా తగ్గిందన్నమాట. పొగ వేగంగా, ఇంకా వేడిగా వెనక్కి చేరుతుంది.

కంపెనీవాళ్లు ఇదంతా లెక్క వేసే పెడతారు. చాలా కార్లలో బంపర్‌లో మెరుస్తూ కనిపించే అంచు బంపర్‌కే బిగించిన అలంకారం. అసలు పైపు దాని లోపల, దాన్ని తాకకుండా, వెనగ్గా ఉంటుంది. కొన్నింటిలో టిప్ రెండు గోడలతో ఉంటుంది, మధ్యలో గాలి. సైలెన్సర్ డబ్బాకీ బంపర్‌కీ మధ్య నొక్కులు నొక్కులుగా ఉండే పల్చటి అల్యూమినియం రేకు ఒకటి వేలాడుతుంది. చాలా కొత్త ఎగ్జాస్ట్ పనుల్లో నేను చూసి బాధపడేది ఈ రేకు గురించే. "సౌండ్ వస్తోంది" అనో, కొత్త డబ్బాకి అడ్డొచ్చిందనో దాన్ని విప్పి మూలన పడేస్తారు. బంపర్‌కి ఉన్న ఒక్క రక్షణ అలా పోతుంది. పని చేయించేటప్పుడు విప్పిన ప్రతి రేకూ మళ్లీ ఎక్కిందో లేదో చూసుకోండి. ఎక్కకపోతే దాని బదులు ఏం పెట్టారో అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పైపు వేడెక్కితే సాగుతుంది. ఇది అందరికీ తెలుసు. ఎంత సాగుతుందన్నది మాత్రం ఎవరూ లెక్క వేయరు. ఆఫ్టర్‌మార్కెట్ పైపుల్లో, అంటే బయట కొని వేయించుకునే వాటిలో, ఎక్కువగా కనిపించే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ మీటరు పొడవుకి, 100 డిగ్రీలకి సుమారు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. 3 మీటర్ల పైపు సగటున 300 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, 15 మిల్లీమీటర్లు పెరిగినట్టే. పైపు ముందువైపు ఇంజన్‌కి బిగించి ఉంటుంది కాబట్టి ఆ పెరుగుదల చాలావరకు వెనక్కే వస్తుంది. కంపెనీ పైపులకు ఎక్కువగా వాడే 409 రకం స్టీల్ అదే వేడికి 10 మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే సాగుతుంది. కంపెనీ పైపుకి చక్కగా సరిపోయిన సందు మెరిసే కొత్త పైపుకి ఎందుకు సరిపోదో ఇక్కడే అర్థమవుతుంది. పాత పైపు ఆగిన చోటే కొత్తది కూడా ఆగేలా కోసి వెల్డింగ్ చేస్తే, చల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేడెక్కాక కొత్తది మరో 5 మిల్లీమీటర్లు వెనక్కి తోసుకొస్తుంది.

అది తిన్నగా వెనక్కే వచ్చినా బాగుండేది. వెనక యాక్సిల్ మీదుగా వంపు తిరిగిన పైపు సాగినప్పుడు తోక పైకో పక్కకో కూడా జరుగుతుంది. దానికి తోడు పైపు వేలాడేది రబ్బరు హ్యాంగర్ల మీద. గుంతలో పడితే ఊగుతుంది, ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజన్‌తో పాటు గుంజుకుంటుంది. హ్యాంగర్ రబ్బరు వయసైపోయి ఒకవైపు సాగితే టిప్ ఒక పక్కకి వాలుతుంది. ఫ్లెక్స్ పైపు (కుదుపులకు వంగే ముడతల ముక్క) లేకుండా మొత్తం గట్టిగా వెల్డింగ్ చేసిన సిస్టమ్ అయితే ఇంజన్ ప్రతి కుదుపూ తోకదాకా వస్తుంది. చల్లటి కారుని లిఫ్ట్ మీద పెట్టి, కింద నిలబడి వేళ్లతో కొలిచిన గ్యాప్‌లో వీటిలో ఒక్కటీ లేదు.

ఒక మిత్రుడి కారు విషయంలో దీన్ని దగ్గరగా చూశాను. వెనక బంపర్‌లో పైపు కోసం వదిలిన ఖాళీ, అంటే కటౌట్, పై అంచున, సరిగ్గా పైపుకి ఎదురుగా, నెలవంక ఆకారంలో ఒక మచ్చ. మొదట చూస్తే మరకలాగే ఉంది. పక్క నుంచి, కంటిని బంపర్ ఎత్తుకి దించి చూస్తే అక్కడ ఉపరితలం సన్నటి అలలా లేచి ఉంది. పెయింట్ మెరుపు పోయింది. కారుని లిఫ్ట్ ఎక్కించాక పని చేసినాయన పైపుకీ బంపర్‌కీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూపించి, "ఇంత గ్యాప్ ఉంది సార్, ఇక్కడ తాకే చాన్సే లేదు" అన్నారు. అబద్ధం కాదు. ఆ క్షణంలో గ్యాప్ అంతే ఉంది.

కారు దింపించి, అల్యూమినియం ఫాయిల్‌ని వదులుగా నలిపి చిన్న ఉండలు చేశాం. వాటిని కటౌట్ అంచు లోపల అక్కడక్కడా, ప్లాస్టిక్ మీద చిన్న టేపు ముక్కతో నిలబెట్టాం. పైపు ఆ వైపు వస్తే ఉండ నలుగుతుంది, వెనక్కి వెళ్లిపోయినా ఉండ నలిగే ఉంటుంది. ఎంత దగ్గరకి వచ్చిందో అదే చెబుతుంది. బాగా తిప్పి, కొంత గతుకుల దారిలో కూడా నడిపి వచ్చాక చూస్తే కింద, పక్కన పెట్టినవి ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. పైన పెట్టినది మాత్రం రేకులా చదునైపోయింది. మిత్రుడు "అన్నా, ఇది తాకుతోంది!" అని నావైపు తిరిగేలోపే ఫిట్టర్ రెంచి తీసుకుని కిందికి వెళ్లిపోయారు. హ్యాంగర్ కడ్డీని కాస్త వంచి టిప్‌ని కిందికి దించి, కొద్దిగా వెనక్కి జరిపారు. ఆ కారుకి వ్రాప్ వేయలేదు, టేపూ అంటించలేదు. మచ్చ మళ్లీ పెరగలేదు.

అందుకే గ్యాప్ విషయంలో నా పట్టు ఇది: వేడెక్కిన కారు మీద, చుట్టూ కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి. పైవైపు ఇంకా ఎక్కువ ఉంటే మంచిది. వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి దెబ్బ తగిలేది ముందు పై అంచుకే. కటౌట్ మధ్యలో పైపు సరిగ్గా కూర్చుంటే చూడటానికి బాగుంటుందని చాలామంది పట్టుబడతారు. నేనైతే దాన్ని కాస్త కిందికి దించి పెట్టమంటాను. చల్లగా ఉన్నప్పుడు కొంచెం కిందికి ఉన్నట్టు కనిపించినా ఫరవాలేదు.

తాకకపోయినా వేడి చేరే దారులు ఇంకా ఉన్నాయి. పైపు నుంచి సెగ తగులుతుంది. ఈ సెగ పెరిగే తీరు చాలామంది ఊహించేదానికంటే మొండిది. వేడిని కెల్విన్‌లో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపి) తీసుకుంటే, దాని నాలుగో ఘాతం లెక్కన సెగ పెరుగుతుంది. టిప్ 150 డిగ్రీల నుంచి 250 డిగ్రీలకు పోతే "ఇంకో వంద డిగ్రీలే కదా" అనిపిస్తుంది, కానీ అది చిమ్మే సెగ దాదాపు 2.3 రెట్లవుతుంది. ఊళ్లో రోజూ తిరిగినా ఏమీ కాని బంపర్ ఒక్క దూర ప్రయాణంలో పోయిందంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఇంకోటి, కారు ఆపిన తర్వాతి కొన్ని నిమిషాలు. హైవే మీద గాలి కొట్టుకుంటూ పైపుని చల్లబరుస్తూ ఉంటుంది. గట్టిగా నడిపి వచ్చి ఒక్కసారిగా ఆపేస్తే ఆ గాలి లేదు. పైపులో, డబ్బాలో దాచుకున్న వేడంతా పైకి లేచి బంపర్ లోపలి ఖాళీలో చేరుతుంది. బంపర్ అంచు అత్యధిక వేడికి చేరేది చాలాసార్లు పరుగులో కాదు, ఆగాకే. పైగా మంచి ఎండలో నిలబడిన నల్ల బంపర్ పైపు సాయం లేకుండానే 60 డిగ్రీలకు దగ్గరపడి ఉంటుంది. దూరప్రయాణం చివర్లో కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడిపి ఆపడం ఇంజన్‌కి మంచిదని అందరూ చెబుతారు. బంపర్‌కి కూడా మంచిదే.

పైపు పొడవు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. టిప్ బంపర్ అంచుతో సమానంగా, లేదా ఇంకా లోపలికి దాక్కుని ఉంటే అందమని ఒక ఫ్యాషన్ వచ్చింది. కంపెనీ కార్లలో అలా ఉంటే లోపల దానికి తగ్గ రేకులు, గాలి దారులు ఉంటాయి. బయట చేయించిన దానిలో అవేమీ ఉండవు. నడుస్తున్న కారు వెనక గాలి సుడులు తిరుగుతూ ఉంటుంది. పొగ బంపర్ లోపలే బయటపడితే ఆ సుడిలో కొంత వెనక్కి, పైకి మళ్లి బంపర్ లోపలి గోడని నాకుతూ పోతుంది. అక్కడే పార్కింగ్ సెన్సర్ల వైర్లు, దెబ్బ తగిలితే తట్టుకోవడానికి పెట్టిన ఫోమ్ దిమ్మె ఉంటాయి. కొన్ని కార్లలో మూలల్లో రాడార్ కూడా ఉంటుంది. ఫోమ్ కుంచించుకుపోయినా బయటికి ఏమీ కనిపించదు. ప్రమాదం జరిగిన రోజు ఆ ఫోమ్ చేయాల్సిన పని చేయదు. అది పెయింట్ పోవడం కంటే చాలా పెద్ద నష్టం.

అంతకంటే ముఖ్యమైనది మనుషుల సంగతి. బంపర్ కింద ఆగిపోయిన పైపు నుంచి పొగ డిక్కీ సందుల్లోంచి కారులోకి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. కాబట్టి టిప్ బంపర్ అంచు దాటి ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి ఉండాలని నేను పట్టుబడతాను. మరీ పొడుచుకొస్తే నడిచేవాళ్ల కాళ్లకు తగులుతుంది, అదీ కుదరదు. ఏటవాలుగా కోసిన టిప్ అయితే పొడుగు పెదవి పైకి ఉండేలా పెట్టించుకోవాలి. అది బంపర్‌కీ పొగకీ మధ్య అడ్డంగా నిలుస్తుంది. తిరగేసి పెడితే పొగ ముందు పైకే తప్పించుకుంటుంది.

బంపర్ వెనక దాక్కున్న క్లాంప్ జాయింట్, అంటే రెండు పైపు ముక్కల్ని పట్టీతో బిగించిన అతుకు, కూడా ఒకసారి చూడండి. అక్కడ లీకు ఉంటే వేడి పొగ సన్నటి ధారలా నేరుగా ప్లాస్టిక్ మీద కొడుతుంది. జాయింట్ చుట్టూ నల్లటి మసి గీత కనిపిస్తే అదే సాక్ష్యం. ఎంత గ్యాప్ వదిలినా దీని ముందు పనికిరాదు.

వ్రాప్ మీద నాకున్న అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. వ్రాప్ వేడిని మాయం చేయదు, లోపలే ఉంచుతుంది. ఫ్లాస్కులో పోసిన వేడినీళ్లు అడుగుదాకా వేడిగానే ఉన్నట్టు, మధ్య పైపంతా చుట్టేస్తే పొగ దారిలో చల్లబడే అవకాశం పోయి తోకకు ఇంకా వేడిగా చేరుతుంది. బంపర్‌ని కాపాడటానికి చుట్టించినది బంపర్ దగ్గరే వేడి పెంచుతుంది. టర్బో దగ్గర, ఇంధన పైపుల దగ్గర వ్రాప్‌కి నిజమైన పని ఉంది, దాన్ని కాదనను. కారు అడుగున మాత్రం అది వాన నీళ్లు, బురద పీల్చుకుని పైపుని తడిగా పట్టుకుంటుంది. మామూలు స్టీల్ పైపు దాని కింద కనపడకుండా తుప్పు పడుతుంది. నూనె కారి వ్రాప్ తడిస్తే మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

బంగారు రంగు టేపు సంగతీ దాదాపు అంతే. అది సెగని వెనక్కి కొడుతుంది, ఆ గుణం నిజమే. కానీ పైపు తాకినా, వేడి పొగ చాలాసేపు మీదుగా పోయినా అది చేయగలిగింది తక్కువ. ప్లాస్టిక్‌కే అంటుకుని ఉంటుంది కాబట్టి తను వేడెక్కితే ఆ వేడి సరాసరి ప్లాస్టిక్‌కే ఇస్తుంది. మసి పట్టి మెరుపు పోతే సెగని కొట్టే గుణమూ తగ్గుతుంది. గ్యాప్ సరిచేశాక, అదనంగా ఒక జాగ్రత్తగా అంటించుకుంటే అభ్యంతరం లేదు.

గ్యాప్ పెంచే వీలే లేని కార్లు ఉన్నాయి. జంట పైపుల సిస్టమ్ ఇరుకు బంపర్‌లో దూర్చినప్పుడు అలా అవుతుంది. అప్పుడు సరైన మందు రేకు. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, నొక్కులున్నదైతే ఇంకా మంచిది. పైపుకంటే రెండు వైపులా మూడు నాలుగు సెంటీమీటర్లు వెడల్పుగా ఉండాలి. రేకుకీ ప్లాస్టిక్‌కీ మధ్య కనీసం 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ పైనా కిందా తెరిచి ఉండాలి. పని చేసేది రేకు ఒక్కటే కాదు, దాని వెనక కదిలే గాలి కూడా. చుట్టూ మూసేస్తే ఆ గాలి అక్కడే ఉడుకుతుంది. బిగించేటప్పుడు బంపర్ ప్లాస్టిక్‌కి స్క్రూ కొట్టకుండా, కారు బాడీ లోహానికో లోపలి బీమ్‌కో చిన్న బ్రాకెట్ వేసి పట్టించాలి. ప్లాస్టిక్‌కి కొట్టిన స్క్రూ రేకులోని వేడిని తిన్నగా ఆ బెజ్జంలోకే తీసుకెళ్తుంది.

జిగురుతో అంటించి వదిలేద్దామనే వాళ్లకు 2010 నాటి ఫెరారీ 458 ఇటాలియా సంగతి గుర్తు చేస్తాను. కొన్ని కార్లకు నిప్పంటుకున్నాక చూస్తే వెనక చక్రాల గూడు దగ్గర హీట్ షీల్డ్‌ని పట్టి ఉంచిన జిగురే వేడికి చెడిపోతోందని తేలింది. ఫెరారీ ఆ కార్లన్నింటినీ వెనక్కి పిలిచి, జిగురు తీసేసి లోహపు ఫాస్టెనర్లతో బిగించింది. అంత లెక్క చూసుకుని తయారుచేసే చోటే జిగురు నిలవలేదు. పైపు పక్కన రేకుని పట్టి ఉంచే పని బోల్టుకో రివెట్‌కో అప్పగించాలి.

రెండు గోడల టిప్ వేయించుకోవడం కూడా మంచి ఉపాయమే. బయటి గోడ లోపలి గోడకంటే చాలా చల్లగా ఉంటుంది, సెగ బాగా తగ్గుతుంది. టిప్ కొనేటప్పుడు రంగు, సైజు చూసే ముందు అంచు తిప్పి ఇది చూడండి.

ఇంజన్ ట్యూనింగ్‌తో వచ్చే ఇబ్బంది వేరే రకం. ఆక్సిలరేటర్ వదలగానే టపటపా పేలే శబ్దం కోసం కొందరు ఇంజన్ కంప్యూటర్‌లో వేరే మ్యాప్ (ఇంధనం, స్పార్క్ లెక్కలు) వేయిస్తారు. ఇంజన్‌లో కాలాల్సిన ఇంధనాన్ని ఆలస్యంగా వెలిగించి పైపులో కాల్చడమే ఆ శబ్దం. అలాంటి కారులో నేను పైన చెప్పిన 25 మిల్లీమీటర్ల లెక్కలేవీ నిలవవు, ఎందుకంటే వచ్చేది పొగ కాదు, మంట. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి అది తెచ్చే చేటు ఇంకా పెద్దది. రోడ్డు మీద తిరిగే కారుకి ఆ మ్యాప్ వద్దని గట్టిగా చెబుతాను. అలాగే, ఎప్పటినుంచో బాగున్న బంపర్ హఠాత్తుగా వేడెక్కుతోందంటే పైపుని అనుమానించే ముందు ఇంజన్‌ని చూపించండి. మిస్‌ఫైర్ అవుతుంటే, అంటే ఇంజన్‌లో ఇంధనం సరిగ్గా అంటుకోకపోతుంటే, కాలని ఇంధనం కన్వర్టర్‌లో కాలుతుంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఆరుతూ ఉంటే అప్పటికే అది జరుగుతోందని అర్థం, ఇక కారు నడపకూడదు.

డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అందులో చేరిన మసిని కాల్చేటప్పుడు ఫిల్టర్ లోపల సుమారు 600 డిగ్రీల దాకా పోతుంది. ఇది నడిపేవాళ్లకు తెలియకుండానే జరిగిపోతుంది. ఫోర్డ్ సూపర్ డ్యూటీ డీజిల్ పికప్‌ల 2008 మోడల్‌లో తోక పైపు చివర బయటి గాలిని లోపలికి లాక్కుని పొగలో కలిపే ప్రత్యేకమైన టిప్ పెట్టింది ఈ వేడి కోసమే. అలాంటి బండికి అది కోసేసి మెరిసే టిప్ వేయిస్తే ఆ చల్లబరిచే ఏర్పాటే పోతుంది. డీజిల్ కారు తోక మార్చేముందు, కంపెనీది ఎందుకు ఆ ఆకారంలో ఉందో కనుక్కోవాలి.

ఇక కొలిచే విధానం. చాలామంది ఇన్‌ఫ్రారెడ్ గన్ పట్టుకుని మెరిసే టిప్ మీద గురి పెట్టి, "అరవై డిగ్రీలే ఉంది" అని నిశ్చింతగా ఉంటారు. ఆ గన్ ఎదుటి వస్తువు చిమ్మే సెగని చూసి లెక్క కడుతుంది. పాలిష్ చేసిన స్టీల్ సెగని చాలా తక్కువ చిమ్ముతుంది, కాబట్టి గన్ చూపించే అంకె అసలు కంటే ఎంతో తక్కువ. టిప్ కింద కనపడని చోట వేడిని తట్టుకునే నల్లటి మ్యాట్ పెయింట్ చిన్న చుక్క వేసి, ఆ చుక్క మీద కొలిస్తే నిజం తెలుస్తుంది. బంపర్ ప్లాస్టిక్ మీద, పెయింట్ మీద గన్ సరిగ్గానే చూపిస్తుంది. నిజానికి మనకు కావాల్సిన అంకె అక్కడిదే. కటౌట్ పై అంచున, కారు ఆపాక అయిదు పది నిమిషాల్లో మళ్లీ మళ్లీ కొలవండి. 80 డిగ్రీలు దాటితే నేను ఆ ఫిట్టింగ్‌ని ఒప్పుకోను. ఎండకీ, బరువుతో ఎక్కిన ఎత్తుకీ కొంత వెసులుబాటు ఉండాలి కదా.

గన్ కంటే నాకు నమ్మకమైనవి వేడికి రంగు మారే స్టిక్కర్లు. చిన్న పట్టీ మీద వరసగా గళ్లు ఉంటాయి, ఏ గడి ఏ డిగ్రీకి నల్లబడుతుందో పక్కన రాసి ఉంటుంది. ఒకసారి నల్లబడితే మళ్లీ తెల్లబడదు. బంపర్ లోపలివైపు పై అంచున ఒకటి, వైర్ల దగ్గర ఒకటి అంటించి మామూలుగా కారు వాడుకోవచ్చు. మనం చూడని సమయంలో, ట్రాఫిక్‌లో, దూరప్రయాణం మధ్యలో ఎంతదాకా పోయిందో అవి చెబుతాయి.

బంపర్ ఇప్పటికే వంకర తిరిగితే హీట్ గన్‌తో నెమ్మదిగా వేడి చేసి, లోపలి నుంచి నొక్కి, పట్టుకుని చల్లారనిస్తే కొంతవరకు ఆకారానికి వస్తుంది. పెయింట్ పొక్కులు లేస్తే మాత్రం మళ్లీ వేయించుకోక తప్పదు. ఏది చేసినా కారణం సరిచేశాకే చేయించండి. పనిలో పనిగా బంపర్ విప్పించి ఫోమ్‌నీ వైర్ల తొడుగుల్నీ కూడా చూడండి. బయట చిన్న మచ్చ ఉన్న చోట లోపల వైరు తొడుగు పెళుసై ఉండొచ్చు.

కొత్త ఎగ్జాస్ట్ వేయించేటప్పుడు బేరం మాట్లాడే ముందే ఈ మాట చెప్పి ఒప్పించుకోండి: పని అయ్యాక కారు బాగా తిప్పి తెస్తాను, వేడిగా ఉండగానే మళ్లీ లిఫ్ట్ ఎక్కించి గ్యాప్ చూడాలి, అవసరమైతే హ్యాంగర్లు సరిచేయాలి. మంచి పనివాళ్లు దీనికి అడ్డు చెప్పరు. నేను మాట్లాడినవాళ్లలో కొందరు "అడిగేవాళ్లే లేరు సార్" అన్నారు కూడా. ఆ తర్వాత సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ హ్యాంగర్ రబ్బర్లు చీలాయా, ఒకవైపు సాగాయా అని చూడమనండి. సాగినట్టు కనిపిస్తే ఒక్కటే కాకుండా రెండువైపులవీ కలిపి మార్పించి, మళ్లీ వేడి మీదే గ్యాప్ కొలిపించుకోండి.